పాత జాబులు, తపాలా బిళ్లలు

పల్లెలలోని పెద్దయిండ్లయందు అటుకమీదనో, మూలగదిలోనో ఒక పాత సందుగ యుండుట మీరెరిగినదే. అందులో పట్టా కాగితములు, శిస్తు రసీదులు, జాతకచక్రములు, వానితోబాటు దారముతో కట్టిన జాబుల కట్టలు నుండును. ఈనాటి నా ప్రసంగము ఆ జాబులమీద మూలను అంటియుండు చిన్న కాగితపు తునకను గురించి. దానిని మనము తపాలా బిళ్ల యనుచున్నాము. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపాఖండమున వెలువడిన తొలినాటి బిళ్లలను సేకరించుట లోకములో ఒక పెద్ద వ్యాసంగమైనది. దానికి గొప్ప విపణియు, శాస్త్రమువంటి పరిశోధనయు ఏర్పడినవి. వ్యాకరణమును కావ్యములును చదువుకొని, బడిలో పాఠములు చెప్పి విరమించిన నాబోటి పంతులకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. నాకు పని కల్పించినది నేను చిన్ననాడు చేసిన తప్పు. ఆ సంగతి తరువాత మనవి చేసెదను.

1840కి పూర్వము ఇంగ్లండులో జాబునకు రుసుము సాధారణముగా వ్రాసినవాడు చెల్లించువాడు కాడు, అందుకొన్నవాడే చెల్లించుకొనవలెను. ఆ రుసుమును దూరమునుబట్టియు, కాగితముల లెక్కనుబట్టియు కట్టెడివారు. బీదలకది మోయరాని బరువు. అందుచేత జాబుపైననే ఏదో గురుతు పెట్టి పంపుటయు, అందుకొనువాడు దానిని చూచి తనవారు క్షేమమని గ్రహించి, జాబు నాకక్కరలేదని త్రిప్పి పంపుటయు జరుగుచుండెడివట. ఫోను ఒకమారు మ్రోగించి, ఎదుటివారు ఎత్తకమునుపే పెట్టివేయు యుక్తి మన పిల్లలు నిన్న మొన్న కనిపెట్టినది కాదన్నమాట. రౌలండు హిల్లు అను నాయన 1837లో ఒక చిన్న పుస్తకము ప్రకటించి, జాబును మోసికొనిపోవుటకయ్యెడి వ్యయము స్వల్పమనియు, దారి లెక్కలు కట్టుట, ఇంటింట రుసుము వసూలు చేయుట వీనికే వ్యయ మధికమనియు లెక్కలతో చూపెను. కావున దూరముతో నిమిత్తము లేక అర ఔన్సు జాబునకు ఒక్క పెన్నీ చాలును, దానిని వ్రాసినవాడే ముందుగా చెల్లింపవలెను అని ఆయన సిద్ధాంతము. ఈ హిల్లు కూడ మొదట బడిపంతులే. ఆ మాట చెప్పుటకు నాకు కొంచెము గర్వముగా నున్నది.

ముందుగా చెల్లించినట్లు గురుతే ఆ బిళ్ల. 1840 మే 6వ తేదీనుండి చెల్లుబడియైన నల్లని పెన్నీ బిళ్ల లోకమున మొదటిది. దానిపై విక్టోరియా రాణి శిరస్సు తప్ప దేశము పేరు లేదు. మొదట పుట్టిన బిళ్లకు పేరెందుకని కాబోలు, ఈనాటికిని బ్రిటనువారు తమ బిళ్లలపై దేశము పేరు వేయరు. ఒక్కొక్క కాగితమున అడ్డముగా 12, నిలువుగా 20 వంతున 240 బిళ్లలు అచ్చయ్యెడివి. నాటి వారి లెక్కలో 240 పెన్నీలు ఒక పౌను గనుక, వరుస ఒక షిల్లింగు, కాగితము ఒక పౌను. ప్రతి బిళ్లకును క్రింది మూలలయందు రెండక్షరములుండును. మొదటి యక్షరము అది ఎన్నవ వరుసలోనిదో, రెండవది వరుసలో ఎన్నవదో తెలుపును. దొంగ బిళ్లలు చేయువానికి ఈ అక్షరములు చిక్కు తెచ్చునని వారి యుద్దేశము. వాడినదని తెలియుటకు తొలుత ఎర్రసిరాతో ముద్ర వేసిరి. జనులు ఆ ఎరుపును కడిగివేసి బిళ్లను మరల వాడుటకు పూనుకొనిరి. అందుచేత 1841లో బిళ్లనే ఎర్రగా చేసి, ముద్రను నల్లగా మార్చిరి.

తరువాత ఈ పద్ధతి దేశదేశములకు ప్రాకెను. స్విట్జర్లాండులోని జూరిచ్చి, జెనీవా నగరములు 1843లోను, బాసెలు నగరము తెల్లపావురము బొమ్మతో 1845లోను, ఫ్రాన్సు, బెల్జియము, బవేరియా రాజ్యములు 1849లోను తమ బిళ్లలను వెలువరించినవి. ఫ్రాన్సులో 1848లో రాజు పోయి ప్రజాప్రభుత్వ మేర్పడియుండుటచే, వారు ఏ రాజు ముఖమును వేయక, ధాన్యదేవత యగు సెరీసు శిరస్సును వేసికొనిరి. కొన్ని యేండ్లకే మూడవ నెపోలియను చక్రవర్తి యయ్యెను. దేవత దిగి అతని తల ఎక్కెను. సిసిలీ కథ ఇంకను వింత. అచ్చటి రాజు ఫెర్డినాండు ముఖముతో 1859లో బిళ్లలు వెలువడినవి. వాడిన బిళ్లపై ముద్ర కొట్టవలెను గదా! ప్రభువు ముఖముపై నల్లమసి పడరాదని, ముఖము చుట్టును చట్రమువలె పడునట్టి ముద్రను ప్రత్యేకముగా చేయించిరి. ముఖమునకు మసి యంటలేదు గాని, మరుసటి సంవత్సరమే గారిబాల్డీ వచ్చుటతో ఆ రాజ్యమే పోయినది. ఈ చట్రపు ముద్ర పడిన బిళ్లలను సేకరించువారు నేటికిని ప్రీతితో వెదకుదురు.

సేకరించువారు దేనిని చూతురో కొంచెము చెప్పవలెను. తొలినాటి బిళ్లలకు అంచున చిల్లుల వరుస లేదు. తపాలా గుమాస్తా కత్తెరతో కత్తిరించి యిచ్చెడివాడు. చిల్లులు వేయు యంత్రము ఇంగ్లండులో 1854 ప్రాంతమున గాని వాడుకలోనికి రాలేదు. కత్తెర వంకరపోయిన, ప్రక్క బిళ్ల కొంత యిటు వచ్చును, ఈ బిళ్ల అంచు కొంత అటు పోవును. నాలుగు వైపులను తెల్లని అంచు చెడక నిలిచినది దొరకుట కష్టము. అట్టిదానికి వెల ఎక్కువ. పిమ్మట కాగితమును వెలుతురునకెత్తి, దాని నేతలోనే అమర్చిన కిరీటపు గుర్తు కలదా యని చూతురు. రంగు వెలిసినదా, వెనుక చించుటచే కాగితము పలుచబడినదా యని చూతురు.

నాకు మిక్కిలి నచ్చినది ఇంకొకటి. ఒకే అచ్చుపలకపై 240 బొమ్మలున్నవనుకొనుడు. ఒకదానిలో గీత చీలియుండును, ఒకదానిలో అక్షరము రెండుమార్లు పడియుండును. ఆ దోషములను పట్టుకొని, విడిబిళ్ల ఏ పలకలో ఏ చోటిదో వారు నిర్ణయింతురు. మా గురువుగారు తాళపత్ర గ్రంథములను పోల్చునపుడు ఇదే చేసెడివారు. ఒక లేఖకుడు ఒకచోట పంక్తి వదలివేసిన, ఆ ప్రతినిజూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ పంక్తి లోపించును. దానినిబట్టి ఏది తల్లిప్రతియో, ఏది పిల్లప్రతియో తెలియును. లేఖకప్రమాదమే పరిశోధకునకు దారిదీపము. సీమలోని బిళ్లల పండితులును మన తాళపత్రముల పండితులును ఒకరినొకరెరుగకయే ఒకే బాటను నడచిరి.

పాతదైన ప్రతిదియు విలువగలదని తలచుట మనవారిలో తరచుగా కనబడు భ్రమ. ఆ మొదటి నల్లపెన్నీ బిళ్లలనే 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చువేసిరి. ఆనాడు విడిగా లిఫాఫా వాడుట తక్కువ. వ్రాసిన కాగితమునే మడిచి, వెలుపల చిరునామా వ్రాసి, దానిమీదనే బిళ్ల నంటించెడివారు. జాబు దాచినచోట బిళ్లయు నిలిచెను. కావున లోకమున మొదటిదయ్యును అది అరుదైనది కాదు. స్వీడను దేశపు పసుపుబిళ్ల మాట వేరు. 1855లో ఆ దేశమువారు మూడు స్కిల్లింగుల బిళ్లను నీలముగల ఆకుపచ్చ రంగులో అచ్చువేయింపగా, పొరపాటున ఒకటి పసుపు రంగులో వెలువడినది. ఇంతవరకు లోకమున కనబడినది ఆ యొక్కటియే. 1886లో బాక్మను అను బడిపిల్లవాడు తన నాయనమ్మగారింటి పాత జాబులలో దానిని కనుగొని, ఒక వర్తకునకు 7 క్రోనులకమ్మెను. 1996లో జూరిచ్చి నగరపు వేలములో దానికి 28 లక్షల స్విస్సు ఫ్రాంకులకు పైగా ధర పలికినది.

ఈ కథ చెప్పువారందరును అంతటితో ఆపుదురు. నాకు కావలసినది దాని తరువాతి భాగము. ఆ బాలుడు బిళ్లను జాబునుండి వేరుచేసెను. ఆ బిళ్లపై 1857 జులై 13వ తేదీ ముద్రయు, ఒక ఊరి పేరును ఉన్నవి. కాని వ్రాసినవారెవరు, ఎవరికి వ్రాసిరి, ఏమి వ్రాసిరి అనునవి బిళ్లతో రాలేదు. 1970 దశకమున ఆ దేశపు పండితులే అది కూటమేమో యని సంశయించిరి. శాస్త్రీయ పరీక్షలు జరిగినపిమ్మటగాని ఆ నింద తొలగలేదు. జాబుపైననే యుండినచో, కాగితము, చేవ్రాలు, మడత, ముద్ర యన్నియు కలిసి సాక్ష్యము పలికియుండెడివి. విడిపోయిన బిళ్ల తల్లిలేని బిడ్డవంటిది. ఎవరేమన్నను అడుగువారుండరు.

కూటబిళ్లల సంగతి వచ్చినది గనుక ఒక్కమాట. ఫ్రాన్సులో నివసించిన జీన్ డి స్పెరాటీ అను నాతని నేర్పు లోకప్రసిద్ధము. 1942లో అతడు విదేశమునకు పంపుచున్న బిళ్లలను సుంకాధికారులు పట్టుకొని, అమూల్యమైన వస్తువులను చెప్పక దాటించుచున్నాడని నేరము మోపిరి. పరీక్షకులు వచ్చి అవి అసలైనవేయని తీర్మానించిరి. తాను దొంగకూటములు పంపుచుంటినని నిందితుడే వాదించుకొని, పరీక్షకుల మాట తప్పని చూపవలసి వచ్చినది! నిపుణులే మోసపోయిన చోట, మన యింటికి వచ్చి చేతిసంచి విప్పువాని మాట నమ్ముటకు ముందు ఒక రాత్రి ఆలోచించుకొనుట మంచిది.

ఇక మన దేశమునకు వత్తము. ఆసియాఖండమున మొదటి బిళ్ల 1852లో సింధుదేశమున బార్టిల్ ఫ్రియరు అను అధికారి వెలువరించినది. 1854లో ఆంగ్లేయుల పాలనలోని భాగమంతటికిని బిళ్లలు వచ్చినవి. పావు తులము జాబు ఎంత దూరమైనను అర్ధణాకే పోయెడిది. ఓరుగల్లు ప్రాంతము అప్పుడు నిజాము రాష్ట్రము. ఇక్కడి తొలి బిళ్ల 1869లో, ఆరవ నిజాము మహబూబు అలీఖాను పసిబాలుడై, సాలారుజంగు దివానుగా రాజ్యము నడపు కాలమున వెలువడినది. 1871లో మొదలైన వరుస పెక్కేండ్లు సాగినది. వాని వెలను ఉర్దూ, ఆంగ్లము, మరాఠీ, తెలుగు లిపులు నాలుగింటను చెక్కించిరి. తెలుగుబడులు మృగ్యముగా నున్న ఆ కాలమున, తెలుగక్షరము దొరతనపు బిళ్లపై కనబడుట నాకు చిన్న విషయముగా తోచదు.

నిజాము తపాలా రాష్ట్రపు సరిహద్దు దాటదు. హనుమకొండనుండి జనగామకు వ్రాయువాడు నిజాము బిళ్ల నంటించును; బందరునకో మదరాసునకో వ్రాయువాడు ఆంగ్లేయుల బిళ్ల నంటింపవలెను. ఆంగ్లేయుల తపాలా కచ్చేరులు కూడ రాష్ట్రమున వేరుగా నుండెడివి. నాణెములును రెండే గదా, హాలీ సిక్కా యొకటి, కల్దారొకటి. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. కావుననే మన సందుగలలో రెండు ప్రభుత్వముల బిళ్లలును కలిసి యుండును. 1915 ప్రాంతమునుండి నిజాము బిళ్లలపై తపాలాకును రసీదునకును అని రెండు పనులును వ్రాయబడినవి. అందుచేత జాబులపై కనబడు బిళ్లయే అప్పు చెల్లించిన రసీదులపై వ్రేలిముద్ర క్రిందను కనబడును. తుదకు, 1947-49 నడుమ వెలువడిన మూడణాల బిళ్లపై మన ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణము నెక్కించిరి. 1950లో నిజాము బిళ్లల చెల్లుబడి ఆగి, భారత ప్రభుత్వపు బిళ్లలే అంతటను వ్యాపించినవి. కోటలోని తోరణములను దినమును చూచువారిలో ఎందరికి ఆ బిళ్ల సంగతి తెలియునో నే నెరుగను. నాకు మాత్రము నలుబది యేండ్లు దాటినపిమ్మట గాని తెలియలేదు.

ఇప్పుడు నా తప్పు. నాకు పండ్రెండేండ్ల వయస్సున, హనుమకొండలో పై తరగతి చదువుచున్న ఒక అబ్బాయివద్ద విక్టోరియా రాణి ఎర్రపెన్నీ బిళ్ల యుండెను. దానిమీద నా మనస్సు పడినది. నిజాము బిళ్లలు ముప్పది తెచ్చినచో ఇచ్చెదననెను. నేను మా తాతగారి సందుగ తెరచి, కట్టలు విప్పి, కత్తెరతో బిళ్లలను మూలలతో సహా కత్తిరించితిని. కొన్నిటిని పళ్లెములో నీళ్లుపోసి నానవేసి యూడదీసితిని. చిరునామాలు కరిగి సిరా పారినది. ఎవరును చూడలేదు, చూచినను, పనికిరాని కాగితములే గదా యని యందురు. ఎర్రబిళ్ల నాదైనది.

ఇరువది యేండ్ల తరువాత మా యింటికిని మా చిన్నతాతగారి యింటికిని బావిచేను గురించి తగవు వచ్చినది. ఆ చేను అన్నదమ్ముల పంపకమునకు ముందు కొన్నదైనచో ఉభయులకును భాగము. తరువాత కొన్నదైనచో మాకే. మా నాయనగారు తరువాతనే యనిరి. ఆయన నమ్మి పలికిన మాటయే. హనుమకొండలో గుమాస్తాగా నుండిన చిన్నతాతగారు, బావిచేను బేరమునకు రూకలు పంపుచున్నానని మా తాతగారికి వ్రాసిన జాబు మా కట్టలో దొరికెను. తిథి కలదు, వారము కలదు, సంవత్సరము లేదు. తపాలాముద్రలో ఉండవలసినదే, ముద్రలో సగము బిళ్లపైనను, సగము జాబుపైనను పడియుండెను. ఊరి పేరున్న సగము మిగిలినది. ఏడు పడిన సగమును నేను కత్తిరించి యిచ్చివేసితిని. పంచాంగములు ముందు వేసికొని, ఆ తిథి ఆ వారమున ఎప్పుడెప్పుడు పడినదో గణించి చూచితిని. ఇరువది యేండ్లలో మూడు సంవత్సరములు సరిపోయినవి. ఒకటి పంపకమునకు ముందు, రెండు తరువాత. శాస్త్రము అంతవరకే పనిచేసినది. రెండిండ్లవారును పెండ్లిళ్లకు పిలుచుకొనుట మానిరి.

మూడేండ్ల క్రిందట చిన్నతాతగారి మనుమడు ఇల్లు విప్పి కట్టుకొనుచు, అటుకమీది కట్ట నొకటి నాయొద్దకు తెచ్చెను. “పెద్దనాన్నా, మీరు ఉర్దూ అంకెలు చదువుదురు గదా, ఇందులో పనికివచ్చునవున్నవేమో చూడుడు, లేకున్న పొయ్యిలో వేసెదను” అనెను. వారింట నావంటి బాలుడు లేకపోవుట అదృష్టము. ఒక్క బిళ్లయు చెడలేదు. అందులో మా తాతగారి మారుజాబు కనబడినది. రూకలు ముట్టినవి, బావిచేను కాగితము నిన్న వ్రాయించితిని అని ఆయన చేవ్రాలు. అర్ధణా బిళ్ల, దానిమీదుగా లిఫాఫాపైకి పడిన గుండ్రని ముద్ర, అందు సంవత్సరము స్పష్టము. పంపకమునకు రెండేండ్లు ముందు. మా నాయనగారి మాట తప్పు. ఆయన అప్పటికి లేరు.

ఇట్టి కట్టలు మీ యిండ్లలోను ఉండవచ్చును గనుక నాకు తెలిసిన కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. బిళ్లను జాబునుండి ఊడదీయవలదు, నీళ్లు తగులనీయవలదు, చిరిగినచోట జిగురుపట్టీ లంటింపవలదు. ఆ జిగురు కొన్నాళ్లకు పసుపెక్కి కాగితమును తినును. రబ్బరుపట్టీకి బదులు నూలుదారము మేలు. గోడకానించిన పెట్టెలో చెమ్మ చేరును. వేపాకు వేయుట మన పెద్దల పద్ధతియే గాని, ఆకు కాగితమునకు నేరుగా తగిలిన మరక పడును. గుడ్డలో మూటగట్టి యుంచవలెను. ప్రతి జాబునకును ఒక చీటి వ్రాసి, ఎవరు ఎవరికి వ్రాసిరో, మీకు తెలిసినంతవరకు ఇప్పుడే గుర్తించి పెట్టుడు. మీ తరువాతివారికి ఆ దస్తూరి తెలియదు. వెల తెలిసికొనగోరువారు హైదరాబాదు ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమున గల బిళ్లల విభాగమువారి నడిగినచో, ఈ వ్యాసంగమెరిగినవారి జాడ చెప్పుదురు. నిజాము అర్ధణా, అణా బిళ్లలు విస్తారముగా దొరకునవే గనుక పెద్ద ధనము నాశింపకుడు. లిఫాఫాతో సహా, చదువ శక్యమగు పల్లెటూరి ముద్రతో నున్నవానిని మాత్రము ఎరిగినవారు ఆదరింతురు.

నా ఎర్రపెన్నీ బిళ్ల నాయొద్దనే యున్నది. పదవీవిరమణానంతరము భూతద్దముతో చూడగా, నాలుగు మూలలను అక్షరములును, ప్రక్కతీగలలో పలకయొక్క సంఖ్యయు కనబడినవి. 77వ పలకనుండి వచ్చిన బిళ్లలు మిక్కిలి అరుదనియు, లక్షలు చేయుననియు చదివి, ఆశతో ఒకటికి రెండుమార్లు చూచితిని. నూటికి పైబడిన సంఖ్య. సంతలో సులభముగా దొరకునది. బావిచేనులో సగము కిందటి మాఘమాసమున చిన్నతాతగారి మనుమని పేర రిజిస్టరు చేయించితిని. ఆ దినమున అతడు మారుజాబును నాకిచ్చివేయబోయెను. అది మీ యింటి కట్టలోనిది, మీ యింటనే యుండవలెనని త్రిప్పి యిచ్చితిని. మా కట్టలోని సగము ముద్ర జాబును కూడ దానితోనే కట్టి పంపితిని.